ముప్పై దగ్గర ఆగిన గాలి

"అమ్మా, నీ బరువెంత?" అని మా అమ్మాయి సునీత అడిగినప్పుడు మేమిద్దరం గేటు బయట, వీధిలో ఉన్నాం. పాలాయన ఎదురింటికి పాలు పోస్తున్నాడు, పక్కింటావిడ ముగ్గు వేస్తోంది. అరవై నాలుగేళ్ళదాన్ని. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వయసెంత అంటే చెబుతాను, జబ్బులేమిటి అంటే అడిగినవాళ్ళు విసుక్కునేదాకా చెబుతాను. బరువు మాత్రం కట్టుకున్న మొగుడికీ చెప్పలేదు, కన్న కూతురికీ చెప్పలేదు. ఆస్పత్రిలో తూకం మీదికి ఎక్కమంటే ఎక్కి కళ్ళు మూసుకుంటాను. నర్సు ఆ అంకెను పైకి చదవకుండా రాసుకుంటే చాలు, ఆ రోజుకు బతికిపోయినట్టే. అలాంటిదాన్ని పట్టుకుని వీధిలో, అంత గొంతుతో అడిగింది.

అడగడానికి కారణం లేకపోలేదు. నా మోకాళ్ళు చూసిన డాక్టరు, నడక తగ్గించి సైకిలు తొక్కమన్నాడు. సునీత బ్యాంకులో పని చేస్తుంది. నా పోలికే, నా ఒళ్ళే. అయినా రెండేళ్ళ నుంచి ఆదివారం వస్తే చాలు, లావు టైర్ల సైకిలేసుకుని అనంతపురం చుట్టూ ఉన్న గుట్టలన్నీ ఎక్కి దిగుతోంది. నాకూ అలాంటిదే ఒకటి కొనుక్కొచ్చింది. దాని టైరు సీతాఫలం తొక్కలాగా బుడిపెలు బుడిపెలుగా ఉంది. గాలి కొట్టే పంపుకు అడుగున గడియారంలాంటి మీటరు ఒకటి. "అందరికీ ఒకటే గాలి పనికిరాదమ్మా. బరువును బట్టి పెట్టల్ల. ఎనక చక్రానికి ఇంకొంచెం ఎక్కువ పెట్టల్ల. చెప్పు, ఎంత?" అంది. "డెబ్బై రెండు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! అది నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది, డెబ్బై రెండుకు తగ్గ గాలే కొట్టింది.

నేను సైకిలు ఎక్కక యాభై ఏళ్ళు దాటింది. ఎక్కకపోవడానికి మోకాళ్ళు కారణం కాదు, సిగ్గు కూడా కాదు. పన్నెండేళ్ళప్పుడు నా బరువుతో మా నాయన కాలు విరగ్గొట్టాను. ఆ కాలు మళ్ళీ సరిగ్గా అతకలేదు. ఆయన పోయేదాకా ఎడమవైపుకు ఒరిగి నడిచాడు. ఆయన అలా నడుస్తుంటే చూసిన ప్రతిసారీ నాలో నేను అనుకునే మాట ఒకటే, ఇది నేను చేసిన పని అని. ఎవరితోనూ పైకి అనలేదు. ఎవరూ కాదనకుండా ఉంటే ఎలాగని భయం.

మా నాయనకు శింగనమలలో, బస్సులు ఆగే చోట సైకిలు షాపు ఉండేది. షాపు అంటే ముందర తాటాకుల చప్పరం, వెనక ఒక గది, ఆ వెనకే మేముండే ఇల్లు. మా ఇంట్లో సొల్యూషన్ వాసన, కాల్చిన రబ్బరు వాసన, కిరసనాయిలు వాసన కలిసిపోయి ఉండేవి. అమ్మ సంగటి గెలికినా, శెనక్కాయలు వేయించి ఊరుబిండి నూరినా, ఆ కారం ఘాటు వెనక నుంచి రబ్బరు వాసన తగులుతూనే ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల నా పుస్తకాలు వాసన చూసి ముక్కు మూసుకునేది. మా ఇంట్లో తాడు అన్నది లేదు. తలుపుకు బందులు టూబు ముక్కలు, మేకకు మెడపట్టీ టూబు ముక్క, అమ్మ కట్టెల మోపుకు కట్టేది టూబు ముక్క, నా పలక చట్రం ఊడిపోతే బిగించింది కూడా టూబు ముక్కే. నెలకోసారి నాయన అమావాస్య నాడు షాపు మూసి, పనికిరాని టూబులన్నీ ముందేసుకుని కూర్చుని కత్తెరతో పట్టీలు పట్టీలుగా కోసేవాడు. రబ్బరన్నది ఏదీ ఆయన పారేసి ఎరగడు.

మీటరు లేని కాలం. నాయన బొటనవేలే మీటరు. టైరును వేలితో ఒక్కసారి నొక్కి, సైకిలు తెచ్చిన మనిషిని ఒక్కసారి చూసి, పంపు తగిలించేవాడు. గాలి కొడుతుంటే లెక్కపెట్టడం నా పని. బడికి వెళ్ళే ముందు, వచ్చిన తర్వాత, అరుగు మీద కూర్చుని ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టేదాన్ని. నేను లెక్కల టీచరు కావడానికి పునాది అక్కడే పడిందనుకుంటాను. బక్క మనిషికి ముప్పై సార్లు కొట్టేవాడు. కాస్త పుష్టిగా ఉంటే ముప్పై అయిదు. ఎదురుగా చిల్లర అంగడి పెట్టుకున్న సుబ్బయ్య శెట్టిది మా ఊళ్ళోకల్లా పెద్ద శరీరం, ఆయన సైకిలుకు నలభై అయిదు. అయితే నాయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి బరువు గురించీ నోటితో ఒక్క మాట అనేవాడు కాదు. శెట్టి సైకిలుకు గాలి కొట్టేటప్పుడు వానల సంగతో, శెనక్కాయల రేటో ఎత్తుకుని మాటల్లో పెట్టి, ఆ ఎక్కువ పదిహేనూ ఆయనకు తెలియకుండా కొట్టేసేవాడు. ఒకసారి నేను, "నాయనా, శెట్టికి ఎందుకు ఎక్కువ?" అని గట్టిగా అడిగితే నా నోరు మూసి గదిలోకి తీసుకెళ్ళాడు. "ఆ మాట అడగగూడదు పాపా. చక్రానికి తెలిస్తే చాలు, మనిషికి తెలియాల్సిన పని ల్యా" అన్నాడు.

నేను పుట్టిందే బొద్దుగా. కరువు కాలంలో, అందరి పిల్లలూ ఎముకలు తేలి ఉన్న ఊళ్ళో నేనొక్కదాన్నే గుండ్రంగా ఉండేదాన్ని. "సైకిలాయప్ప సంపాదనంతా కూతురి ఒంట్లోనే ఉండాది" అనేవాళ్ళు. వాళ్ళకది సరదా, అందులో కుళ్ళు లేదు. కానీ పన్నెండేళ్ళ పిల్లకు అది సరదాగా ఎలా ఉంటుంది? తినేటప్పుడు అమ్మ రెండో ముద్ద వేస్తే కంచం పక్కకు జరిపేదాన్ని. ఆ తర్వాత ఎవరూ చూడకుండా కుండలోంచి తీసుకుని తినేదాన్ని.

ఆ రోజు గుట్టల అవతలి పల్లెలో ఉన్న మా మేనత్త ఇంటికి బయల్దేరాం. అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాయి, వారం రోజులు అక్కడ ఉండొచ్చని నాకు భలే ఆత్రంగా ఉంది. నాయన తన సైకిలును చప్పరం కిందికి తెచ్చి వెనక చక్రానికి పంపు తగిలించాడు. నేను ఎప్పటిలాగే లెక్క మొదలుపెట్టాను. బెంచీ మీద బస్సు కోసం కాచుకున్నవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. సుబ్బయ్య శెట్టి అంగడి దిగి వచ్చి నిలబడ్డాడు. ముప్పై అయింది. నాయన ఆపలేదు. పంపు పిడి మళ్ళీ పైకి లేపాడు. అప్పుడు శెట్టి నవ్వుతూ, "ఏమప్పా, నాకు కొట్టినట్లే కొడతాండావే పాపకు!" అన్నాడు. ఆయనకు ఎప్పటి నుంచో తెలుసన్నమాట, ఆ ఎక్కువ పదిహేను సంగతి. బెంచీ మీదివాళ్ళందరూ ఒక్కసారిగా గొల్లున నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. నాయన నా ముఖం చూశాడు. పంపును చక్రం నుంచి లాగేసి, "నా బిడ్డకు ముప్పై చాలప్పా. పూలబుట్ట మాదిరుంటాది" అని అందరికీ వినబడేలా అన్నాడు. ఆ క్షణంలో నాయన మీద నాకు పొంగుకొచ్చిన ప్రేమ అంతా ఇంతా కాదు. వెనక క్యారియరు మీద ఎక్కి కూర్చుని, అత్తకని అమ్మ ఇచ్చిన శెనక్కాయల మూట ఒళ్ళో పెట్టుకుని, బెంచీ వైపు గర్వంగా చూశాను.

గుట్ట దాటాక బండ్లబాట. బాట కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర పల్లంలోకి దిగుతుంటే ఒక రాయి తగిలింది. కింద టప్పుమని చప్పుడైంది. వెనక చక్రం ఒక పక్కకు జారింది. సైకిలు నాయన కాలి మీద పడింది, దాని మీద నేను పడ్డాను. నా కింద ఏదో విరిగిన చప్పుడు నాకు వినబడింది, శెనక్కాయల మూటేమో అనుకున్నాను. నాయన అరవలేదు. "లెయ్ పాపా, లెయ్, నీకేం కాలేదు గదా" అన్నాడు. నేను లేచి చూస్తే ఆయన పాదం ఉండాల్సిన వైపు లేదు. ఆ దృశ్యం ఇప్పటికీ అన్నం తింటుండగా కళ్ళ ముందుకు వచ్చి ముద్ద దిగకుండా చేస్తుంది.

కట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుంది. వచ్చి చూసిన ప్రతివాళ్ళతో నాయన, "తుమ్మముల్లు దిగిందప్పా, టూబు పోయింది" అని చెప్పేవాడు. వాళ్ళు తలూపి బయటికొచ్చి, నేను గుమ్మంలో ఉన్న సంగతి చూసుకోకుండా, "ముల్లూ ల్యా గిల్లూ ల్యా, ఆ పిల్ల బరువుకు పగిలింది" అనుకునేవాళ్ళు. నాకు ముల్లు మాట నమ్మబుద్ధి కాలేదు. నన్ను కాపాడడానికి నాయన చెబుతున్న అబద్ధమని అర్థమైపోయింది. అర్థమైపోయింది అనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత నాయన కర్ర పట్టుకుని షాపులోకి వచ్చి, మూలన పడున్న ఆ సైకిలు విప్పాడు. పాత టూబు తీసి కొత్తది వేశాడు. తీసినదాన్ని కోయలేదు, అతకలేదు. తను కూర్చునే పీటకు ఎదురుగా గోడకు మేకు కొట్టి తగిలించాడు. అమ్మ ఒకసారి, "ఆ టూబు ఇట్లియ్యి, మేక తెంపుకుని పోతాండాది" అంటే, "దాన్ని ముట్టొద్దు" అన్నాడు. అమ్మ మీద ఆయన గొంతు లేవడం నేను వినడం అదే మొదటిసారి. ఏళ్ళ తరబడి ఆ టూబు అక్కడే వేలాడింది. షాపులోకి వెళితే అది నన్నే చూస్తున్నట్టుండేది. అందుకే వెళ్ళడం మానేశాను. లెక్కపెట్టడం మానేశాను. మళ్ళీ ఎవరి క్యారియరు మీదా ఎక్కలేదు. పెళ్ళయ్యాక మా ఆయన స్కూటరు కొన్నా నేను బస్సులోనే పుట్టింటికి వచ్చేదాన్ని. ఆయన స్కూటరు మీద ముందు వచ్చేవాడు, నేను అరగంట తర్వాత బస్సు దిగేదాన్ని. అప్పటికే నాయన కుంటుకుంటూ స్కూటరు చుట్టూ తిరిగి, వెనక చక్రం వేలితో నొక్కి చూసి, ఏమీ మాట్లాడకుండా గాలి కొడుతుండేవాడు. ఆ పని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇంకా నా బరువే లెక్కవేస్తున్నాడు కదా అనుకునేదాన్ని. ఆయన పోయాక షాపు ఖాళీ చేసేటప్పుడు ఆ టూబు తీసి, పేపర్లో చుట్టి, నా ట్రంకు పెట్టె అడుగున పెట్టుకున్నాను. నా తప్పు ఇంకొకరి ఇంట్లో ఎందుకుండాలి?

సునీత కొన్న సైకిలు సంగతి చెబుతున్నాను కదా. చిన్నప్పుడు నాయన షాపులో నేర్చుకున్న తొక్కడం మర్చిపోలేదు నేను. వీధిలో నాలుగు రోజులు తిరిగేసరికి ధైర్యం వచ్చింది. పోయిన ఆదివారం సైకిళ్ళు రెండూ ఆటోలో వేయించి, నన్ను శింగనమల చెరువు కట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. చెరువులో నీళ్ళు మధ్యలో మాత్రం కాసిని మెరుస్తున్నాయి. కట్ట పక్కన రాళ్ళబాటలో అది ముందు, నేను వెనక. గాలి చెంపలకు తగులుతుంటే ఎంత బాగుందో చెప్పలేను. నా పన్నెండేళ్ళ వయసు వెనక్కి వచ్చింది. అంతలో చక్రం కింద రాయి, టప్పుమని అదే చప్పుడు. పడలేదు, కాలు ఆనించి నిలబడ్డాను. అయినా సైకిలు వదిలేసి నేల మీద కూలబడి, "చూశావా, నా బరువుకు పగిలింది. నీ కాలు కూడా విరగ్గొడతాను" అని పిచ్చిదానిలా ఏడ్చాను.

సునీత నా ఏడుపు పట్టించుకోకుండా చక్రం విప్పింది. టూబు లాగి, కాస్త గాలి కొట్టి, తాత లాగే పెదవుల దగ్గర పెట్టుకుని గాలి ఎక్కడ తగులుతోందో చూసింది. నా ముందుకు తెచ్చి, "ఇట్ల చూడు" అంది. పక్కపక్కనే రెండు చిన్న గాట్లు. "ముల్లయితే ఒకటే ఉంటాది. ఇవి రెండు. గాలి తక్కువుంటే రాయి మీద టైరు పూర్తిగా అణిగిపోతాది. రాయికీ రిమ్ముకూ నడుమ టూబు నలిగి, రిమ్ము రెండు అంచులూ రెండుచోట్ల కోస్తాయి. గాలి తక్కువై పోయినాది, బరువెక్కువై కాదు."

"బరువెక్కువయితేనే కదా నలిగేది?"

"బరువెక్కువయితే గాలి ఎక్కువ పెడతారు, అంతే కథ. నీకంటే లావుండేవాళ్ళు ఈ గుట్టలన్నీ తిరుగుతాండారు. నేను నువ్వు చెప్పిన డెబ్బై రెండుకు పెట్టినా. ఇప్పుడన్నా నిజం చెప్పు, ఎంతుండావు?"

నా చెవిలో వేరే మాట మోగుతోంది, ముల్లయితే ఒకటే ఉంటాది అన్న మాట. ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ట్రంకు పెట్టె తెరిచాను. చీరలన్నీ బయట పారేసి అడుగు నుంచి ఆ పొట్లం తీశాను. రబ్బరు బిరుసెక్కి, మడతల దగ్గర పగుళ్ళు వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అంగుళం అంగుళం వేళ్ళతో తడుముతూ వచ్చాను. ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. రెండు గాట్లు, పక్కపక్కనే. రెండింటి చుట్టూ ఊదారంగు కాపీయింగ్ పెన్సిలుతో రెండు సున్నాలు. పంక్చరు ఎక్కడుందో దొరకగానే నాయన అలాగే సున్నా చుట్టేవాడు, అతుకు వేసేటప్పుడు వెతుక్కోకుండా. ఇక్కడ సున్నాలున్నాయి, అతుకు లేదు.

అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. ఆయనకు తెలుసు! జీవితమంతా టూబులు చూసిన మనిషి, రెండు గాట్లు కనబడగానే తెలిసిపోయి ఉంటుంది. ముల్లు కాదు, నా బరువు కాదు. ముప్పై దగ్గర తను ఆపేసిన గాలి. బెంచీ మీద నవ్విన నలుగురి ముందు నా ముఖం చూసి, నలభై కొట్టాల్సినవాడు పంపు లాగేశాడు. తెలిసి తెలిసి ముప్పైతో నన్నెక్కించుకుని రాళ్ళబాట పట్టాడు. సునీత గుమ్మంలో నిలబడి, "ఏమైందమ్మా?" అంటోంది. నేను టూబు ఎత్తి, "తాత కాలు విరిగిన రోజుది" అని చూపించాను. అది దగ్గరికి వచ్చి, రెండు సున్నాల మీదా వేలు పెట్టి చూసింది. ఆఖరికి, "తాత మరి చెప్పలేదా నీకు?" అంది.

చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు. నాకు కోపం ఆగలేదు. పోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక్క మాట, "గాలి తక్కువ కొట్టినాను పాపా, తప్పు నాది" అని ఒక్క మాట అంటే నా బతుకు ఇంకోలా ఉండేది కదా. మొగుడి వెనక స్కూటరు మీద కూర్చునేదాన్ని కదా. నాయన ఎదురుగా నిలబడి కాలి వైపు చూడకుండా మాట్లాడగలిగేదాన్ని కదా. ఆ సాయంత్రమంతా వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతూ ఆయనతో పోట్లాడాను.

పోట్లాడుతుంటేనే తెలిసొచ్చింది, ఆయన ఎందుకు చెప్పలేకపోయాడో. గాలి తక్కువైంది అనాలంటే, ఎవరికి తక్కువైంది అన్న మాట వస్తుంది. నీకు ఇంకో పది కొట్టాల్సింది అని నాతో అనాలి. అంటే నా బరువు సంగతి నోటితో అనాలి. శెట్టి బరువే పైకి అననివాడు కన్నకూతురిది ఏం అంటాడు? నొప్పించకూడదని ముల్లు మాట చెప్పాడు. నేనేమో ఆ ముల్లు వెనక నా బరువుందని అనుకున్నాను. ఆయన తప్పు ఆయన ఎదురుగా గోడకు తగిలించుకుని రోజూ చూసుకున్నాడు, నేనది నాకోసం తగిలించిందనుకున్నాను. స్కూటరుకు గాలి కొట్టింది కూడా నన్నెక్కించాలని కొట్టాడు, ఆ తక్కువైన పదీ ఇప్పుడైనా నింపుదామని. నేను బస్సు దిగి, మూతి బిగించుకుని, ఆయన పక్క నుంచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పటి పిల్లలకు నోటికి అడ్డు లేదని నేనూ అందరిలాగే అంటుంటాను. వీధిలో నిలబడి తల్లి బరువు అడగడం ఏం మర్యాద అని ఆ పొద్దు లోలోపల తిట్టుకున్నాను కూడా. మా కాలంలో మర్యాద ఎక్కువే. ఆ మర్యాదతోనే నాయన నడక పోయింది, దాంతోనే నేను డెబ్బై రెండు అన్నాను. ఆయన చేసిన తప్పే, ఈ వయసులో నేనూ చేశాను.

మరునాడు పొద్దున సునీత టూబు మార్చి, సైకిలును గేటు బయట పెట్టి, పంపు తగిలించింది. పాలాయన ఎదురింటి ముందర ఉన్నాడు. పక్కింటావిడ ముగ్గు సగంలో ఉంది. నేను మెట్లు దిగి వెళ్ళి దాని పక్కన నిలబడ్డాను.

"తొంభై ఒకటి" అన్నాను.

పాలాయన తలెత్తి చూశాడు. సునీత చూడలేదు. తలొంచుకుని, "సరేమ్మా" అని పంపు పిడి పైకి లేపింది. నాకు తెలియకుండానే నా నోరు లెక్క మొదలుపెట్టింది, ఒకటి, రెండు, మూడు అని. ఇరవై దాటింది, ఇరవై అయిదు దాటింది. ముప్పై దగ్గర నా లెక్క ఆగిపోయింది. సునీత చేయి ఆపి నా వైపు చూసింది.

"ఆపొద్దు, కొట్టు" అన్నాను. "ముప్పై ఒకటి."